ఆవిడకేం అవసరం?

భర్తకి లక్షల్లో జీతం, సొంత ఫ్లాటు, అత్తవారి వైపు పొలం. ఇంకా ఆవిడకి ఆ ఉద్యోగం ఎందుకండీ? ఈ ప్రశ్న మన ఇళ్ళలోనూ ఆఫీసుల్లోనూ పెళ్ళి పందిళ్ళలోనూ చాలా మర్యాదగా తిరుగుతూ ఉంటుంది. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: ఆవిడ మానేస్తే నిజంగా అవసరమున్న ఇంకొకరి ఇల్లు గడుస్తుంది కదా! మొదటి మాట ఒక్కటే అయితే ఓర్వలేనితనం అని తోసేయొచ్చు. ఈ అభిప్రాయానికి ఇంత బలం వచ్చింది రెండో మాట వల్లే. అందులో న్యాయం ఉన్నట్టుంటుంది, పేదల మీద జాలి ఉన్నట్టుంటుంది. బీఈడీ పూర్తిచేసి, డీఎస్సీ కోసం అవనిగడ్డలో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న పిల్లల్ని తలచుకుంటే ఎవరికైనా ‘నిజమే కదా’ అనిపిస్తుంది. ఆడపిల్లల్ని బాగా చదివించినవాళ్ళు, స్త్రీల హక్కుల మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళు కూడా ఈ మాట అనగా విన్నాను.

నాకు ఇందులో న్యాయం కనిపించదు. ఉద్యోగం ఇచ్చేటప్పుడు చూడాల్సింది పని వచ్చా రాదా అని. జీతం ఇచ్చేటప్పుడు చూడాల్సింది ఏం పని చేశారని. ఆ డబ్బు రాకపోతే ఆ మనిషి ఇంట్లో పొయ్యి వెలుగుతుందా లేదా అన్న ఆరా ఈ రెంటిలో దేనిలోకి దూరినా, చివరికి దెబ్బతినేది అవసరమున్నవాళ్ళే. ఆ దెబ్బ ఎలా తగులుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆవిడ మానేస్తే ఖాళీ అయ్యే కుర్చీ సంగతి చూద్దాం. ఒకరిని లేపి ఇంకొకరికి చోటిచ్చే ప్రయోగం మన రాష్ట్రంలో ఒకసారి పెద్ద ఎత్తున జరిగింది. 1983లో అధికారంలోకి వచ్చిన కొత్తలోనే ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసుని 58 నుంచి 55కి దించేసింది. చదువుకున్న నిరుద్యోగులకి చోటు దొరకాలన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. ఫిబ్రవరి నెలాఖరుకల్లా వేలమంది ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఉద్యోగ సంఘాలు రోడ్డెక్కాయి, వ్యవహారం సుప్రీంకోర్టుదాకా నడిచింది. కొన్నాళ్ళకి వయసు మళ్ళీ 58కి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ దాన్ని 60 చేసి, 2022లో 62కి తీసుకెళ్ళింది. తెలంగాణ 2021లో 61 చేసింది. పెంచినప్పుడల్లా నిరుద్యోగ యువత గోల పెట్టింది, పెట్టడంలో తప్పేమీ లేదు. ప్రభుత్వ కొలువులు లెక్కపెట్టిన కుర్చీలు, ఒకరు లేస్తేగానీ ఇంకొకరు కూర్చోలేరు. కానీ లేచినంత మాత్రాన కూర్చోవడం కుదురుతుందా? ఖాళీ అయిన పోస్టుకి ఆర్థిక శాఖ అనుమతి రావాలి, నోటిఫికేషన్ పడాలి, పేపరు లీకవకుండా పరీక్ష జరగాలి, కోర్టులో స్టే రాకుండా ఉండాలి. ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్న కుర్చీల గురించి నోరెత్తని పెద్దమనుషులకి, ఎవరో ఒకావిడ కూర్చున్న కుర్చీ మీదే కన్ను పడుతుంది.

ప్రభుత్వం బయట కుర్చీల లెక్క అసలే వేరు. ఉద్యోగానికి వెళ్ళే మనిషి జీతం ఇంట్లో బీరువాలో పడుకోదు. పాపని చూసుకునే ఆయమ్మకి, మధ్యాహ్నం క్యారేజీ పంపే వంటావిడకి, రోజూ దింపి వచ్చే ఆటో అతనికి అది చేరుతుంది. ఆవిడ మానేస్తే వాళ్ళలో ఒకరిద్దరికి బేరం పోతుంది. ఇది పెద్ద అర్థశాస్త్రమేమీ కాదు, నెలాఖరున ఎవరెవరికి ఎంతిచ్చారో రాసుకునే ప్రతి ఇల్లాలికీ తెలిసిన లెక్క.

పోనీ, ఉద్యోగాలు అవసరాన్ని బట్టే ఇవ్వాలని ఒప్పుకుందాం. అయితే అందరికీ అదే నియమం పెట్టాలి. గ్రూప్ 1 దరఖాస్తుతో పాటు తెల్ల రేషన్ కార్డు జత చేయమనాలి. ఐదు వాటాలు అద్దెకిచ్చిన ఇంటి ఓనరు బ్యాంకు మేనేజరుగా ఉంటే రాజీనామా చేయమనాలి. పదెకరాల మాగాణి ఉన్న లెక్చరర్ని ‘మీకేం అవసరం మాస్టారూ’ అని నిలదీయాలి. ఎవరైనా అడిగారా? అడగరు. ఎందుకంటే మగవాడి ఉద్యోగం అతని అవసరం కాదు, అతని గుర్తింపు. ఉద్యోగం పురుష లక్షణమని ఊరికే అన్నారా! వాళ్ళకి లక్షణం, ఆవిడకి మాత్రం అక్కర.

ఈ తేడా మనిషి మనసులోనే ఉండిపోలేదు, రూల్సు పుస్తకాల్లోకీ ఎక్కింది. స్వతంత్ర భారతంలో ఐఏఎస్‌కి ఎంపికైన తొలి మహిళ అన్నా రాజం, 1951 బ్యాచ్. పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం పోతుందన్న షరతు ఆమె నియామకపు ఉత్తర్వులోనే ఉంది. విదేశాంగ సర్వీసులో అయితే 1961 నాటి నిబంధన ప్రకారం మహిళా అధికారి పెళ్ళికి ముందు ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. సంసారం పనికి అడ్డొస్తోందని ప్రభుత్వానికి తోస్తే, ఆ తర్వాత రాజీనామా కూడా అడగొచ్చు. ఆ సర్వీసు అధికారి సి.బి. ముత్తమ్మ దీని మీద సుప్రీంకోర్టుకి వెళితే, 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నిబంధన మీద దుమ్మెత్తిపోశారు. బొంబాయిలో ఒక కంపెనీ ప్యాకింగ్ విభాగంలో పెళ్ళి చేసుకున్న అమ్మాయిల్ని తీసేసేది. ఆ నియమాన్ని 1965లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంగ్లండులో టీచర్లకి ఈ పెళ్ళి అడ్డు 1944 దాకా ఉంది, ఐర్లండులో ప్రభుత్వోద్యోగాల్లో 1973 దాకా నడిచింది. అన్నిచోట్లా చెప్పింది ఒకటే: పోషించడానికి ఒకడు దొరికాడు కదా, ఇక నీకెందుకు?

ఆ రూల్సు పోయాయి. పోనిది ఇంకోటి మిగిలింది, అది జీతం లెక్కలో దాక్కుంది.

మన దేశంలో కనీస వేతనం ఎంత ఉండాలన్నదానికి 1957లో 15వ భారత కార్మిక సదస్సు ఒక సూత్రం కట్టింది. సంపాదించేవాడు ఒకడు, అతని మీద ఆధారపడ్డ కుటుంబం. తిండి, గుడ్డ లెక్కకి ఆ కుటుంబాన్ని మూడు యూనిట్లుగా తీసుకోవాలి: భర్త 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6. నలుగురికీ కలిపి ఏడాదికి 72 గజాల బట్ట. ఆడవాళ్ళ సంపాదన, పిల్లల సంపాదన లెక్కలోకి తీసుకోకూడదు. 2016 నుంచి అమలైన ఏడో వేతన సంఘం 18,000 రూపాయల కనీస వేతనాన్ని తేల్చడానికీ ఇదే సూత్రాన్ని వాడింది.

న్యాయం చెప్పాలంటే ఆ సదస్సులో కూర్చున్నవాళ్ళ ఉద్దేశం మంచిదే. పెళ్ళాం పిల్లలు కూడా మిల్లుకి వస్తున్నారు కదా అని యజమాని మగవాడి కూలి తెగ్గోయకూడదని వాళ్ళ ఆరాటం. కానీ ఆ లెక్కలో ఇల్లాలు తినే మనిషిగానే ఉంది, సంపాదించే మనిషిగా లేదు. అదీ పూర్తి రూపాయి కాదు, ఎనభై పైసలు. అప్పటినుంచీ ఆవిడ తెచ్చేది ఏదైనా పై డబ్బే అయింది. చీరలకీ చిట్టీలకీ పనికొచ్చే డబ్బు. పై డబ్బుకి బేరమాడితే అత్యాశ అంటారు.

దీని ఫలితం దగ్గరగా చూడాలంటే మే నెలలో ఏదైనా ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్ గదిలో పావుగంట కూర్చుంటే చాలు. ఇలాంటి గదుల్లో జరిగే సంభాషణ టీచర్లు ఎవరు చెప్పినా దాదాపు ఒకేలా ఉంటుంది. సర్టిఫికెట్లు తిరగేశాక మొదటి ప్రశ్న పాఠం గురించి ఉండదు.

“మీ వారేం చేస్తారమ్మా?”

“సాఫ్ట్‌వేరండీ.”

“ఇంకేం! అయితే మీకు జీతం పెద్ద సమస్య కాదు. ఇంటికి దగ్గర, పాపకి ఫీజులో కన్సెషన్ ఇస్తాం, మీకూ కాస్త కాలక్షేపం.”

ఆవిడ తల ఊపుతుంది. తరవాత లోపలికి వచ్చే అమ్మాయికి భర్త లేడు, ఇద్దరు పిల్లలు. ఆమెకీ అదే ప్రశ్న. జవాబు విని కరస్పాండెంట్ నిజంగానే అయ్యో అంటాడు. ఆనక, “మీ కష్టం నాకు అర్థమైందమ్మా. కానీ ఇంతకే చేసేవాళ్ళు ఉన్నారు, నేను మాత్రం ఏం చేయను?” అంటాడు. అబద్ధం కాదు, ఇంతకే చేసే ఆవిడ ఇప్పుడే బయటికి వెళ్ళింది. అవసరం లేదు కాబట్టి ఒకరికి తక్కువ, అవసరం ఉంది కాబట్టి కాదనలేరని ఇంకొకరికి తక్కువ. అవసరం అనే తక్కెడ ఎటు తూచినా మొగ్గేది యజమాని వైపే. వేసవి రెండు నెలలకీ జీతం ఉండదు, జూన్‌లో కొత్తగా చేరినట్టు. ఆ రెండు నెలలూ అడ్మిషన్ల కోసం ఎండలో ఇంటింటికీ కాన్వాసింగ్ మాత్రం ఉంటుంది. కొన్నిచోట్ల బ్యాంకులో పడ్డ జీతంలో కొంత నగదుగా తెచ్చి ఆఫీసులో తిరిగి కట్టాలి.

అవసరం లేని ఆవిడ వల్లే కదా ఆ అమ్మాయి జీతం పడిపోయింది, ఆ మాట నేనే ఒప్పుకున్నాను కదా అంటారేమో. కాదు. ఆవిడ ఉద్యోగానికి రావడం వల్ల పడిపోలేదు, ఆవిడ ఉద్యోగాన్ని కాలక్షేపమని తేల్చినందువల్ల పడిపోయింది. ఆ ముద్ర వేసింది మనం, పెళ్ళి పందిట్లో కూర్చుని. కరస్పాండెంట్ దాన్ని వాడుకున్నాడంతే.

కాలక్షేపమట! ఆ మాట ఎవరికి పుట్టిందో గానీ. 2024 జాతీయ కాల వినియోగ సర్వేలో, ఇంటి చాకిరీలో పాలుపంచుకున్న ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెట్టారు, మగవాళ్ళు 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు వంటింటికి పోయాక గడవక మిగిలిపోయే కాలం ఎవరి దగ్గరుంది? ఆ టీచరు ఉన్న కాలాన్నే పిండుకుని, తెల్లారే లేచి, నాలుగు డబ్బాలు కట్టి పరిగెత్తి వస్తుంది. అలా వచ్చి చేసే పని ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతాను.

మూడో తరగతి పిల్లవాడు 52లోంచి 27 తీసేసి 35 అని రాశాడు. తొందరపడ్డాడని ఇంటూ కొట్టి పుస్తకం పక్కన పడేయొచ్చు. తెలిసిన టీచరు అలా చేయదు. వెంటనే 61లోంచి 38 తీసేయమంటుంది. వాడు 37 అంటాడు. అప్పుడు ఆమెకి అర్థమవుతుంది. వీడు తప్పు చేయడం లేదు, వీడికో నియమం ఉంది: ఏ వరసలోనైనా పెద్ద అంకెలోంచే చిన్నది తీసేస్తున్నాడు. పదుల గది నుంచి అప్పు తేవడం వాడికి నోటికి వచ్చు, చేతికి రాలేదు. చీపురు పుల్లలు విరిచి, పదేసి కట్టలు కట్టి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెడుతుంది. ఏడు విడి పుల్లలు ఇమ్మంటుంది. వాడు రెండిచ్చి ఆగిపోతాడు. కట్టల వైపు చూస్తాడు, ఆమె వైపు చూస్తాడు, కాసేపటికి ఒక కట్ట దారం విప్పుతాడు. ఆ విప్పిన క్షణాన ఆమెకి కలిగేదాన్నే మనం తృప్తి అంటాం. అది ఇంట్లో పొద్దుపోక వచ్చిన మనిషికి దొరికే వస్తువు కాదు. ఎన్నో క్లాసుల్లో ఎంతోమంది పిల్లల తప్పుల్ని చదివితే వచ్చిన నేర్పుకి దొరికేది అది. నేర్పుకి వెల ఉంటుంది. ఆ తృప్తిని అనుభవించినందుకు ఆమె జీతంలో కోత పెట్టడం ఏం తర్కం? గుండె ఆపరేషన్ బాగా జరిగిందని సంతోషించిన సర్జన్ బిల్లు ఎవరూ తగ్గించరు.

తృప్తిని జీతంలో భాగంగా లెక్కకట్టడంలో ప్రైవేటు యజమానుల కన్నా మన ప్రభుత్వాలు ఆరితేరాయి. అంగన్‌వాడీ అక్క చేసేది ఉద్యోగం కాదు, గౌరవ సేవ. కాబట్టి ఇచ్చేది గౌరవ వేతనం. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. అప్పటికి కార్యకర్తకి నెలకి వస్తున్నది 11,500 రూపాయలు, వాళ్ళు అడిగింది 26,000. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో, జనవరి మొదట్లో, ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవలు ఆపితే శిక్షించే చట్టం అది. నెల జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకురాలు, పని ఆపినప్పుడు అత్యవసర సిబ్బంది! అదే మనిషి, అదే కేంద్రం, అదే గుడ్డు, పాలు. వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి కూడా 2022లో సుప్రీంకోర్టు రావాల్సి వచ్చింది. సేవ, తృప్తి, గౌరవం అన్న మాటలు జీతం పక్కన కూర్చున్నప్పుడల్లా ఎవరి జేబు తేలికవుతోందో చూసుకోవడం మంచిది.

ఉద్యోగం చేసే ఆడవాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు మామూలుగా ఇంకో సమాధానం చెబుతారు. రేపెలా ఉంటుందో ఎవరికి తెలుసు, భర్త ఉద్యోగం ఊడొచ్చు, మనిషికేమైనా కావచ్చు, అందుకని చేతిలో ఒక ఉద్యోగం ఉండాలి అని. మాట నిజమే గానీ నేను దాన్ని వాడను. ఈ రోజు లేని అవసరాన్ని రేపటి నుంచి అరువు తెచ్చుకుంటే, అవసరమే కొలత అని ఒప్పుకున్నట్టే. ఏ గండమూ రాకుండా, నూరేళ్ళూ చల్లగా గడిచే ఇంటి ఇల్లాలికి కూడా పని చేసే హక్కు అంతే ఉంది.

ఎందుకంటే మనిషికి పని ఇచ్చేది డబ్బు ఒక్కటే కాదు. వియన్నా దగ్గర మారియెంటాల్ అనే మిల్లు ఊరుంది. 1930 ప్రాంతంలో మిల్లు మూతపడి ఊరికి ఊరే నిరుద్యోగంలో పడింది. మేరీ యహోదా అనే యువ పరిశోధకురాలు, ఆమె సహచరులు అక్కడికి వెళ్ళి మనుషులు ఎలా బతుకుతున్నారో గమనించి 1933లో పుస్తకం వేశారు. చేతినిండా ఖాళీ సమయం, అయినా లైబ్రరీ నుంచి తీసుకెళ్ళే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. అద్దె రుసుము ఎత్తేసినా అంతే. మగవాళ్ళు వీధిలో నడిచే వేగం తగ్గిపోయింది. చాలామంది గడియారం పెట్టుకోవడం మానేశారు. అక్కడ లేమి కూడా ఉంది, భృతి చాలీచాలనిది, కాదనను. కానీ పుస్తకం చదవకపోవడానికి, గడియారం చూడకపోవడానికి లేమి ఒక్కటే కారణమంటే నమ్మలేం. రోజుకి ఒక క్రమం, నలుగురితో పొత్తు, నా వల్ల ఇది జరిగిందన్న ఎరుక కూడా పనితో పాటు పోయాయి. మన వీధి అరుగుల మీద రిటైరైన కొత్తలో పేపరుని మూడుసార్లు చదివే పెద్దవాళ్ళకి పెన్షన్ ఠంచనుగానే వస్తుంది. వాళ్ళ ముఖాలు చూస్తే ఆస్ట్రియా దాకా పోనక్కర్లేదు.

అన్నట్టు, రిటైరయ్యాక కూడా పని మాననివాళ్ళకి ఉదాహరణ భౌతికశాస్త్ర ఆచార్యులు చిలుకూరి శాంతమ్మ గారు. 1929లో మచిలీపట్నంలో పుట్టారు, 1989లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యారు. తొంభై దాటాక కూడా చేతికర్రల సాయంతో విశాఖ నుంచి విజయనగరం వెళ్ళి సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నారని 2022లో పత్రికలు ఎంతో మురిపెంగా రాశాయి. అందరం వాట్సాప్‌లో పంచుకున్నాం, చేతులెత్తి దండం పెట్టాం. ఏ నిరుద్యోగి కుర్చీలో కూర్చున్నారని ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు. అడగకపోవడం సంస్కారమే. ఆ సంస్కారం ముప్ఫై అయిదేళ్ళ పక్కింటి కోడలి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుందో!

ఇప్పుడు అసలు ముద్దాయిల దగ్గరికి వస్తాను. అవసరం లేకుండా ఉద్యోగం చేసేవాళ్ళు ఒక తప్పు చేస్తారు. ఉద్యోగం చేయడం కాదు, “నాకు జీతం ముఖ్యం కాదండీ” అనడం. అది వినయంగా, ఉదారంగా వినిపిస్తుంది. ఆ మాట పక్క టీచరు బతుకు మీద పడుతుందని వాళ్ళకి తోచదు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యులకి 1911 దాకా జీతం లేదు. జీతం ఇవ్వాలని చార్టిస్టులనే కార్మిక ఉద్యమకారులు 1838 నుంచే అడుగుతూ వచ్చారు, వాళ్ళు అత్యాశపరులు కారు. జీతం లేని పదవిలోకి ఆస్తిపరుడే రాగలడని, కూలివాడు రాలేడని వాళ్ళకి తెలుసు. మన కోర్టుల్లో సీనియర్ల దగ్గర చేరిన జూనియర్ లాయర్లని చూడండి. నాలుగేళ్ళు ఇంటి డబ్బుతో నెట్టుకురాగలిగినవాడు మిగులుతాడు, రాలేనివాడు ఊరెళ్ళి రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసుకుంటాడు. ఒక వృత్తిలో జీతం అక్కర్లేదనేవాళ్ళు ఎక్కువైతే, జీతం కావాలనేవాళ్ళకి అందులో తలుపు మూసుకుపోతుంది.

కాబట్టి తృప్తి కోసం పని చేసేవాళ్ళే జీతం గురించి అందరికన్నా గట్టిగా మాట్లాడాలి. కరస్పాండెంట్ గదిలోకి మొదట వెళ్ళిన ఆవిడ చేతిలో, తర్వాత వెళ్ళిన అమ్మాయికి లేనిది ఒకటుంది: వద్దని లేచి వచ్చే వీలు. ఆ వీలుని ఆవిడ తల ఊపడానికి ఖర్చుపెట్టింది. అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారా, పీఎఫ్ కడతారా, ఏప్రిల్ మే నెలల జీతం సంగతేమిటి, నాతో సమానంగా చదివిన మగ టీచరుకి ఎంతిస్తున్నారు అని ఆవిడ అడగాలి. బ్యాంకులో పడ్డది వెనక్కి తెచ్చి కట్టనని చెప్పాలి. కుదరదంటే సర్టిఫికెట్ల ఫైలు తీసుకుని ఇంకో స్కూలుకి వెళ్ళాలి, అక్కడా ఇవే అడగాలి. ఆవిడకి పోయేదల్లా ఒక నెల కాలం. ఊళ్ళో అలా అడిగేవాళ్ళు పదిమంది తయారయితే, వెనక వరసలో కూర్చున్న అమ్మాయి జీతం ఎంతో నిర్ణయించే ముందు కరస్పాండెంట్ ఆమె భర్త గురించి కాకుండా ఆమె లెక్కలు చెప్పే తీరు గురించి అడగడం మొదలుపెడతాడు.